తోకల విభాగంలో ఒక సీటు

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెట్టాలట ఇలాంటి కథ. సరే, పెద్దదే. ఎంత పెద్దదంటే దానికొక పెద్దాసుపత్రి కూడా ఉంది. అక్కడ పెద్ద డాక్టరు ఏనుగు ఐరావతమ్మ.

ఆ అడవిలో వైద్యం చదివి పాసైతే సరిపోదు. ఆసుపత్రిలో ఏదో ఒక విభాగంలో చేరి పెద్ద డాక్టర్ల చేతికింద పని నేర్చుకోవాలి. అప్పుడే సొంతంగా నాడి పట్టుకోనిస్తారు. ఆ సీట్లకు ఏటా జోడింపు జరుగుతుంది. చదివినవాళ్ళు తమకెవరు కావాలో చెబుతారు, పెద్ద డాక్టర్లు తమకెవరు కావాలో చెబుతారు, గుడ్లగూబ కూర్చుని ఇద్దరినీ జోడిస్తుంది. ఎవరూ కోరుకోనివాళ్ళు ఇంటికి పోతారు.

కోటిలింగం అనే కోతి అలా రెండేళ్ళు ఇంటికి పోయాడు. తెలివిలేక కాదు పాపం. ఇంటర్వ్యూలో ఎముకల విభాగం ఎలుగుబంటి గారు నీ గురించి చెప్పమంటే, వీడు వినయంగా ఆయన వెనక్కి వెళ్ళి నెత్తిలో పేలు చూడటం మొదలుపెట్టాడు. కోతుల్లో పెద్దలకు మర్యాద చెయ్యడమంటే అదే. ఎలుగుబంటి గారికి అది మర్యాదగా తోచలేదు. పైగా రెండు దొరికాయి కూడా.

ఇక వాళ్ళ నాన్న ఊరుకోలేదు. ఈ ఏడూ సీటు రాకపోతే డాక్టరుగిరీ కట్టిపెట్టి, ఘాటురోడ్డు మలుపులో బస్సులాపి అరటిపళ్ళు లాక్కునే ఇంటి వృత్తిలోకి దిగమన్నాడు. కోటిలింగానికి ఏడుపొచ్చింది. మెడలో స్టెతస్కోపు వేసుకుని అరటిపండు లాక్కుంటే నలుగురూ ఏమనుకుంటారు?

అప్పుడే దిగాడు జంబయ్య. నక్క. ప్రతి అడవిలోనూ ఇలాంటివాడొకడుంటాడు. ఏ ఉద్యోగమూ ఉండదు, అన్ని ఆఫీసుల్లోనూ టీ తాగుతూ కనిపిస్తాడు. ఎవరికీ ఏమీ కాడు గానీ అందరూ మామా అనే పిలుస్తారు.

"జోడింపులో రాకపోతే జోడింపు బయట చూసుకోవాలి అల్లుడూ," అన్నాడు జంబయ్య. "కొత్తగా పెట్టిన విభాగం మొదటి ఏడాది గుడ్లగూబ దాకా పోదు. ఐరావతమ్మ ఎవరినంటే వాళ్ళే."

"కొత్త విభాగం ఎందుకు పెడతారు మామా?"

"కొత్త రోగం వస్తే పెడతారు."

కొత్త రోగం ఎక్కణ్ణుంచి వస్తుందని కోటిలింగం అడిగాడు. జంబయ్య తన గుబురు తోక వంక చూసుకుని నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే జంబయ్య తోక పట్టుకుని మూలుగుతూ ఆసుపత్రి మెట్లెక్కాడు. తోకలో ఒకటే పోటన్నాడు, తను వద్దన్నా అది ఊగుతోందన్నాడు. అటు కోటిలింగం చెట్టుచెట్టుకీ తిరిగి, కనబడ్డవాళ్ళనల్లా నీ తోక మొన్నటిలా లేదేమిటని పరామర్శించాడు. అంతే. పనిగట్టుకుని చూసుకుంటే ఎవరి తోక మాత్రం తిన్నగా ఉంటుంది? వారం తిరక్కుండా ఉడతల నుంచి అడవిదున్నల దాకా ఆసుపత్రి ముందు బారులు తీరారు. నెమలి రెండు మంచాలడిగింది, తనకొకటి, తోకకొకటి.

ఐరావతమ్మ హడలిపోయి అప్పటికప్పుడు తోకల విభాగం పెట్టింది. అందులో ఒక్క ట్రైనీ సీటు. తోకలంటే ప్రాణం పెట్టే కుర్రాడొకడున్నాడని జంబయ్య మూలుగుల మధ్యే ఆమె చెవిన వేశాడు. కోటిలింగానికి సీటొచ్చింది. వాళ్ళ నాన్న ఘాటురోడ్డు పొడుగునా బస్సులాపి అరటిపళ్ళు పంచాడు. ఆయన ఒకరికి ఇవ్వడం పుట్టాక అదే మొదటిసారి.

మరి విభాగానికి పెద్ద ఎవరు? ఐరావతమ్మ న్యాయంగానే ఆలోచించింది. తోక పోగొట్టుకుని మళ్ళీ తెచ్చుకున్న అనుభవం కావాలి కదా. అది అడవి మొత్తానికి ఒక్కరికే ఉంది. బల్లి గోడేశ్వరరావు గారు.

గోడేశ్వరరావు గారు నిజాయితీపరులు. అదే కొంప ముంచింది. అందరి గోడూ ఓపిగ్గా విని ఆయన ఒకటే వైద్యం చెప్పారు. తోక తీసెయ్యాలి, దానంతటదే మళ్ళీ మొలుస్తుంది, తనకు నాలుగుసార్లు మొలిచింది. మొదట వచ్చిన రోగి జంబయ్య గనక అతనితోనే మొదలుపెడదామన్నారు. కొయ్యాల్సింది ట్రైనీ. దగ్గరుండి చూసేది ఐరావతమ్మ.

బల్ల మీద పడుకోబెట్టి కాళ్ళు కట్టేసరికి జంబయ్యకు మూలుగు ఆగిపోయింది.

"అమ్మా, నా తోక నిక్షేపంలా ఉంది. రోగమూ లేదు, పాడూ లేదు. వీడికి సీటు కోసం నేనే పుట్టించాను."

ఐరావతమ్మ కోటిలింగం వైపు తిరిగింది. అవునంటే మామ తోక దక్కుతుంది, విభాగం పోతుంది, దాంతోపాటే సీటూ పోతుంది. కోటిలింగం మామ ముఖం చూశాడు. చేతిలో కత్తి చూశాడు. నాన్న గుర్తొచ్చాడు.

"రోగం బాగా ముదిరితే ఇలాగే మాట్లాడతారమ్మా," అన్నాడు.

సరిగ్గా అప్పుడే గోడేశ్వరరావు గారు గోడ మీంచి టిక్‌టిక్‌మన్నారు. ఆయనకది అలవాటు. కానీ బల్లి పలికితే ఆ మాట సత్యమని అడవిలోనూ నమ్మకమే. ఐరావతమ్మ సత్యం, సత్యం అని తొండం నుదుటికి ఆనించుకుని, కానివ్వమంది.

తోక తెగింది. జంబయ్య పెట్టిన కేకకు బయటున్నవాళ్ళంతా తలుపు సందులోంచి తొంగిచూశారు. ఆ తరవాత అడవిలో తోకరోగమన్నది లేదు. అందరికీ ఒక్కసారే నయమైపోయింది. నెమలి రెండు మంచాలూ వదిలేసి ఎగిరిపోయింది.

రోగుల్లేరు గనక విభాగం ఎత్తేస్తారనుకుంటున్నారా? మీకు ఆసుపత్రుల సంగతి తెలీదు. ఒకసారి బోర్డు కట్టాక దించడం ఎవరి తరమూ కాదు. పైపెచ్చు ఒక్క కోతతో రోగాన్ని అడవి దాటించారని ఐరావతమ్మ గురుశిష్యులిద్దరికీ దండలు వేయించింది.

దండ వాడిపోయింది. కోటిలింగం అక్కడే ఉన్నాడు. ట్రైనింగు పూర్తయిందనిపించుకోవాలంటే పాతిక తోకలు కొయ్యాలి. చేసింది ఒకటి. రెండోది రాలేదు. ఒక సీటులో ఉన్నవాడు మళ్ళీ జోడింపుకు పోకూడదు కూడానూ. అతనితోపాటు ఉత్తచేతులతో ఇంటికి పోయినవాళ్ళు తరవాతి జోడింపుల్లో సీట్లు తెచ్చుకుని, పని నేర్చుకుని, సొంత ఆసుపత్రులు పెట్టుకున్నారు. కోటిలింగం ఇంకా ఖాళీ బల్ల తుడుస్తూనే ఉన్నాడు.

శిష్యుణ్ణి చూసి గోడేశ్వరరావు గారికి ఒకరోజు జాలేసింది. గోడ దిగొచ్చి, కోటిలింగం వెనక్కి వెళ్ళి, చాలాసేపు పరీక్షగా చూసి, ప్రేమగా అన్నారు.

"రోగి ఫలానావాడే కావాలని రూల్లో ఎక్కడా లేదు బాబూ. మొలిచినప్పుడల్లా ఒకటి లెక్క వేసుకుందాం."

నీతి: సీటు కోసం రోగం పుట్టించడంలో తప్పేమీ లేదు, రోగులకు నయం కాకుండా చూసుకుంటే చాలు.