కారు బంపరు మూలరూప నిర్ధారణ

ఒక జాతి ఎంత ఎదిగిందో తెలుసుకోవడానికి దాని గ్రంథాలయాలు చూడనక్కరలేదు, వంతెనలు చూడనక్కరలేదు. దాని కార్ల బంపర్లు పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయా లేదా అన్నది చూస్తే చాలు. ఈ సత్యాన్ని గ్రహించిన పెద్దలు జంషెడ్‌పూర్‌లో, కాసిడీహ్ పేటలో, వాహన మూలరూప నిర్ధారణ కార్యాలయాన్ని నెలకొల్పారు. కార్యాలయం రెండో అంతస్తులో ఉంది. వాహనాలు మెట్లెక్కలేవు కనక పరిశీలన కిటికీలోంచి జరుగుతుంది. (కిటికీకి ఎడమ రెక్క తెరుచుకోదు. అటువైపు నిలబెట్టిన వాహనాలను చూసినట్టుగానే భావిస్తారు.)

మాంగో పేట నుంచి కారు నడుపుకుంటూ వచ్చి ఆ కిటికీ కింద ఆపిన రోజున పౌల్‌రాజుకు ఇవేవీ తెలియవు. ఆయన రోలింగ్ మిల్లులో ముప్ఫై ఎనిమిదేళ్లు ఫిట్టరుగా చేసి దిగిపోయినవాడు. కారు రెండే సీట్లది, నెత్తిన కప్పు లేనిది, నడుమెత్తు కూడా లేని పచ్చ స్పోర్ట్స్ కారు. డెబ్బై అయిదులో పుట్టింది. మిల్లుకు వచ్చిన విదేశీ ఇంజనీరొకాయన దాన్ని ఎనిమిదేళ్లు పౌల్‌రాజు చేతే బాగుచేయించుకుని, ఎనభై నాలుగులో తన దేశానికి పోతూ, ఇది నీ మాట తప్ప ఇంకొకరి మాట వినదని తాళం చేతిలో పెట్టిపోయాడు. ఆనాటినుంచి ప్రతి ఆదివారం పౌల్‌రాజు, భార్య ఆనందకుమారి అందులోనే చర్చికి వెళుతున్నారు. వానాకాలంలో ఆయన నడుపుతాడు, ఆవిడ ఇద్దరికీ గొడుగు పడుతుంది. వాళ్లిద్దరికీ వేరే షికారంటూ లేదు.

కొత్త నిబంధన ప్రకారం యాభై ఏళ్లు నిండిన కారు మూలరూపంలో ఉంటే క్లాసిక్ వాహనంగా గుర్తింపు పొంది రోడ్డు మీద తిరగవచ్చు. లేకపోతే నెలాఖరుకు తుక్కు. ఆ ఊళ్లో తుక్కు ఎక్కడికి పోతుందో పౌల్‌రాజుకు ఎవరూ చెప్పనక్కరలేదు. కొలిమి వేడి ఆయన మొహం మీద ఇంకా ఉంది.

చిక్కంతా బంపరులో ఉంది. పుట్టినప్పుడు ఆ కారు మూతికి నల్లటి రబ్బరు బంపరు. అంతకు ముందు వచ్చిన అదే రకం కార్లకు తళతళలాడే ఉక్కు బంపరు ఉండేదని ఇంజనీరు ఒకసారి ఫోటో చూపించాడు. ఆ ఫోటో చూడకపోయినా బాగుండేది. ఉక్కు చేసే ఊళ్లో రబ్బరు మూతితో తిరగడం పౌల్‌రాజుకు ముప్ఫై ఏళ్లపాటు నామోషీగా ఉండిపోయింది. చర్చి దగ్గర ఎవరూ ఏమీ అనేవారు కాదు. వాళ్లు అనకపోవడమే ఆయనకు కష్టంగా ఉండేది.

రిటైరయ్యాక ఉక్కు బంపరు తనే చేసుకున్నాడు. ఇంట్లో పెళ్లినాటి బీరువా ఉంది. మిల్లు స్నేహితులు కానుకగా చేసిచ్చింది కనక దానికి వాడింది రేకు కాదు, మందపాటి ఉక్కు పలక. (ఆరుగురు మోసుకొచ్చారు. ఒకాయన ఆ తర్వాత మునుపటిలా నడవలేదు.) దాని తలుపులు కోసి, వంచి, సానపట్టి, క్రోమ్ పూత పెట్టించాడు. రబ్బరు బంపరులో ఇమిడి ఉండే ఇండికేటర్లను హెడ్‌లైట్ల కిందికి మార్చాడు. బిగించేసరికి ఎనిమిది నెలలు పట్టింది. తీసేసిన రబ్బరు బంపరును పక్కింటి బంగారమ్మకు ఇచ్చాడు. ఆవిడ దాన్ని గుమ్మంలో వాననీటికి అడ్డంగా వేసుకుంది.

ఇప్పుడు ఆ ఉక్కు బంపరును కిటికీలోంచి ఇన్‌స్పెక్టర్ సాయిచంద్ చూశాడు. ఆ కుర్రాడు టాటానగర్ రైల్వే తెలుగువాళ్ల అబ్బాయి. తెలుగులో అడిగినవాటికి హిందీలో జవాబిస్తాడు.

“అంకుల్, యే ఒరిజినల్ నహీ హై.”

“ఒరిజినల్ కాదు బాబూ. దానికన్నా మంచిది. నేనే సేసినాను.”

“మంచిది హై, ఇసీలియే మాడిఫికేషన్ హై.”

నియమావళి నాలుగో పేజీలో ఆ సంగతి స్పష్టంగా ఉంది. తనంతట తాను పాడైన భాగం మూలరూపం కిందికే వస్తుంది. మనిషి చెయ్యి పడి బాగుపడినది మార్పు కిందికి వస్తుంది.

 పౌల్‌రాజు ఇంటికొచ్చి బంగారమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు.

“ఇచ్చింది మళ్లీ అడుగుతావేటన్నా?”

“ఆపీసోళ్లకి సూపించి తెచ్చిచ్చెత్తానమ్మా.”

“ఈలోగా వానొత్తే? మీ ఆపీసరొచ్చి నా గుమ్మంలో అడ్డంగా పడుకుంటాడేటి?”

చివరికి ఉక్కుది ఆవిడ గుమ్మానికి వేసి రబ్బరుది తెచ్చుకున్నాడు. బిగించడానికి రెండు రోజులు పట్టింది. ఇండికేటర్లు మళ్లీ పాత చోటికి వెళ్లాయి.

రెండోసారి సాయిచంద్ కిటికీలోంచి చూసి తృప్తిగా తలూపాడు. తర్వాత రిజిస్టరు తెరిచాడు. ఎనభై నాలుగులో కారు పౌల్‌రాజు పేరు మీదికి మారిన పేజీ అది. తలూపడం ఆగింది.

“అంకుల్, రికార్డ్‌లో బంపర్ స్టీల్ హై.”

“ఇదే బాబూ అసలుది. కావాలంటే రబ్బరు కోసి సూడు, లోపల ఫ్రేము ఉక్కే.”

“లోపలిది హమారా డిపార్ట్‌మెంట్ నహీ హై.”

పౌల్‌రాజు మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి రిజిస్టరు చూశాడు. ‘దేనితో చేసినది’ అన్న వరసలో, బాడీకి ఎదురుగా ‘ఉక్కు’ అని రాసి ఉంది. దాని కింద చక్రం, టైరు, సీటు, స్టీరింగు, అద్దం, బంపరు. ఒక్కొక్కదాని ఎదుటా ‘పైదే’ అని గుర్తు. అడుగున సంతకం ఎవరిదో ఆయన వెంటనే పోల్చాడు. తనదే.

ఆ రోజు జ్ఞాపకం వచ్చింది. మిల్లు బట్టల్లోనే వెళ్లాడు. వెనక క్యూలో మిల్లువాళ్లే ఇద్దరున్నారు. గుమాస్తా కలం పట్టుకుని, ఇది దేనితో చేసిందని అడిగాడు. “అంతా ఉక్కే” అన్నాడు పౌల్‌రాజు. ఆ ఊళ్లో, ఆ రోజుల్లో, ఇద్దరు మిల్లువాళ్లు వింటుండగా ఆ ప్రశ్నకు ఇంకో జవాబు చెప్పిన ఫిట్టరు లేడు. గుమాస్తా కూడా ఇంకో జవాబు కోసం ఎదురుచూడలేదు.

ఇంట్లో ఈ సంగతి చెప్పక తప్పలేదు. ఆనందకుమారి బళ్లో ముప్ఫై ఏళ్లు పిల్లల రాతలు దిద్దిన మనిషి.

“ఏటండీ, అద్దం కూడా ఉక్కేనని సంతకం ఎట్టేసినారా?”

“సదవనేదు.”

“ఇంట్లో టీచరమ్మని ఎట్టుకుని?”

ఆయన పానా తీసుకుని బయటికి పోయాడు. బంగారమ్మ ఈసారి అడక్కుండానే ఉక్కుది తీసి గోడకు ఆనించి పెట్టింది. “కారుకి మళ్లీ మారుపెళ్లి ఎప్పుడన్నా?” అని మాత్రం అడిగింది. రబ్బరుది మళ్లీ గుమ్మంలోకి వెళ్లింది. పని పూటలో అయిపోయింది.

మూడోసారి చిక్కు ఉక్కు వయసు దగ్గర వచ్చింది. బంపరు ఉక్కుదే కావచ్చు, కానీ ఆ ఉక్కు కారంత పాతదేనని రుజువు కావాలన్నాడు సాయిచంద్. పౌల్‌రాజు రోడ్డు మీదే కూర్చుని బోల్టులు విప్పి, బంపరును వెనక్కి తిప్పి పట్టుకున్నాడు. బీరువా తలుపు లోపలి మొహం అది. మిల్లు స్నేహితులు సుత్తితో కొట్టిన అక్షరాలు చెక్కుచెదరలేదు. ‘ఆనందకుమారి, పౌల్‌రాజు, 1975.’

సాయిచంద్ మెట్లు దిగి వచ్చాడు. (ఆ కార్యాలయంలో పరిశీలన కోసం అధికారి కిందికి దిగడం అదే మొదలు.) అక్షరాలను వేలితో తడిమాడు.

“బాగుందండి,” అన్నాడు, తెలుగులో. వెంటనే సర్దుకుని, ఉత్తర్వు టపాలో వస్తుందని హిందీలో (ఆర్డర్ డాక్ సే ఆయేగా) చెప్పి మళ్లీ పైకెక్కాడు.

పౌల్‌రాజు ఆ ఆదివారం వాన లేదు కనక, ఉక్కు బంపరు ఊరంతా చూసేలా చర్చి నుంచి చుట్టుదారిన, అగ్రికో పేట మీదుగా వచ్చాడు. ఆనందకుమారి గొడుగు మడిచి సీటు పక్కన పెట్టుకుంది.

నెలాఖరుకు మూడు రోజుల ముందు ఉత్తర్వు వచ్చింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివింది. దాని సారాంశం ఇది: సదరు వాహనంలో టైరు ఉక్కు కాదు, సీటు ఉక్కు కాదు, స్టీరింగు ఉక్కు కాదు, అద్దం ఉక్కు కాదు. బాడీ పచ్చ రంగులో ఉన్నందున అది దేనితో చేసినదో కిటికీలోంచి నిర్ధారణ కాలేదు. రికార్డుతో లోహంలోను, వయసులోను, యజమాని పేరులోను సరిపోలినది బంపరు ఒక్కటే. కనుక బంపరుకు క్లాసిక్ వాహన గుర్తింపు మంజూరు చేయడమైనది. దానికి తగిలించి ఉన్న గుర్తు తెలియని కారును విడదీసి తుక్కుకు అప్పగించవలెను.

“తప్పు రాసినారేమో, మళ్లీ సదువు,” అన్నాడు పౌల్‌రాజు.

“ఒక్క తప్పు కూడా నేదండీ,” అంది ఆవిడ.

క్రేను వచ్చిన రోజున బంపరును ఆయనే విప్పాడు. చెయ్యి అలవాటైపోయింది కనక ఇరవై నిమిషాలు పట్టింది. కారును పైకెత్తినప్పుడు ఆనందకుమారి సీటులోంచి గొడుగు తీసుకుంది. క్రేనువాడు అది జాబితాలో ఉందేమోనని చూసి, లేదని వదిలేశాడు.

బంపరు ఇప్పుడు ముందుగదిలో, గోడవారన, నంబరు పలకతో సహా ఉంది. ఏడాదికోసారి దానికి ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. పరీక్షకు వాహనం సొంతంగా నడిచి రావలెననీ, ఇంకో బండి మీద ఎక్కించి తెస్తే గుర్తింపు రద్దవుతుందనీ ఉత్తర్వు వెనకవైపు ఉంది.