ఇరవై మూడు సార్లు చచ్చిన లుబోర్

చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో కంప్యూటర్ ఆటల పత్రికకు సమీక్షలు రాసే ఓతా ఆ ఉదయం ఆఫీసులో టీ, గసగసాల రొట్టె ముందు పెట్టుకుని ఒక పథకం వేసుకున్నాడు. చేతిలో ఉన్నది ఇంకా విడుదల కాని ఒక యుద్ధం ఆట. ఒక వంతు మన సైనికులు కదలాలి, ఒక వంతు శత్రువులు. మధ్యాహ్నం రెండింటికల్లా దాని బలాలు రెండు వాక్యాల్లో, బలహీనతలు రెండు పేజీల్లో రాసిచ్చేయాలి. ఎందుకంటే ఆ ఆట చేసింది లుబోర్.

చదువుకునే రోజుల్లో హాస్టల్ గదిలో గళ్ళ కాగితం మీద ఆ ఆటను ఇద్దరూ కలిసే గీశారు. "ఇది ఎవడు కొంటాడ్రా?" అని వదిలేసింది ఓతా. ఇప్పుడు లుబోర్‌కి సొంత కంపెనీ, పత్రిక అట్టమీద ఫొటో. ఓతాకు కడుపు మండిపోతోంది. అది అసూయ కాదని పెళ్ళానికి మూడుసార్లు చెప్పాడు కూడా. ఆవిడ అడగలేదు.

ఆటలో సైనికులకు పేర్లు మనమే పెట్టుకోవచ్చు. నాయకుడికి ఓతా అని, అందరిలోకీ బక్కవాడికి లుబోర్ అని పెట్టి, ఆ బక్కవాణ్ణి చాటు లేని మైదానంలోకి తోలాడు. శత్రువు గురి తప్పే అవకాశం నూటికి అయిదు. మూడుసార్లూ తప్పింది. లుబోర్ ముగ్గురిని పడగొట్టి పతకం కొట్టేశాడు.

"ఇక్కడా వీడేనా!" అని ఓతా పళ్ళు నూరి, 'బలహీనత: అంకెలు అబద్ధాలు చెబుతాయి' అని రాసుకున్నాడు.

మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి లుబోర్ చచ్చాడు. ఓతా సంతోషంగా రొట్టె కొరికేలోపే, తెరమీది నాయకుడు ఓతా తుపాకీ పారేసి స్నేహితుడి శవం పక్కన కూలబడి ఏడుపు లంకించుకున్నాడు. నాయకుడు లేక దళమంతా చచ్చింది. తెరమీది ఓతాను చూస్తే అసలు ఓతాకు ఒళ్ళు మండింది. 'బలహీనత: సైనికులకు అనవసరమైన ప్రేమలు.' లుబోర్ చావాలి, తను గెలవాలి, అప్పటిదాకా లేవనని భీష్మించుకున్నాడు. భోజనం కూడా మానేశాడు.

ఒంటిగంటన్నరకు ఫోన్ మోగింది.

"ఒరేయ్ ఓతా, పొద్దుట్నుంచి నన్ను ఇరవై మూడు సార్లు చంపావేంట్రా?"

ఓతాకు అప్పుడు గుర్తొచ్చింది. విడుదలకు ముందు సమీక్షకిచ్చే ఆటలో వేసే ప్రతి ఎత్తూ ఆట చేసినవాళ్ళకు చేరుతుంది. ఆ సంగతి పాఠకులకు హెచ్చరికగా కిందటి నెల పత్రికలో రాసింది తనే.

"ఆఫీసంతా గోడమీద తెరలో చూస్తున్నాం. ఎన్నోసారికి ఆపుతావని బీరు పందేలు కూడా కట్టాం," అన్నాడు లుబోర్.

"అది... పరీక్షరా! ఆ ఏడుపు ఎంత బాగుందో చూద్దామని! ఆటకి ప్రాణమే అది!"

"నిజంగానా? జనానికి విసుగని రేపు తీసేద్దామనుకున్నాం. నువ్వన్నావు కాబట్టి ఉంచేస్తా. నీ గుర్తుగా నాయకుడి పేరు కూడా ఓతా అనే పెట్టేస్తా."

ఓతా వెనక్కి తిరిగేసరికి, ఫోన్‌లోంచి బయటికి వినపడుతున్న మాటలన్నీ వింటూ సంపాదకురాలు ఇర్మా నిలబడి ఉంది. "ఆటలో నీ పేరుంటే సమీక్ష నువ్వు రాయకూడదయ్యా. ఆ కాగితాలు ఇటివ్వు."

"రెండు పేజీలు రాశానండీ ఇర్మా గారూ!"

"చూశాలే."

సమీక్ష ఆవిడే రాసింది. బలాలు రెండు పేజీలు వచ్చాయి. బలహీనత మాత్రం ఒక్కటే: 'ఓతా ఊరికే ఏడుస్తాడు.'