వెలుగు బదిలీకి అనుమతి

ఆకులో వెలుగును ఒకదాని నుంచి మరొకటి అందుకునే రంగు అణువుల్లో ఒకటి సెలవు పెడితే, ఆ వెలుగు అక్కడే ఆగి చల్లారుతుందా, లేక పక్కదారి చూసుకుంటుందా? ఒకానొక పరిశోధన సంస్థలో ఈ ప్రశ్నకు ఈనాటి వరకు ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పగలిగిన పదార్థం ఒకప్పుడు ఉండేది. అది ఏ నిబంధనల ప్రకారం లేకుండా పోయిందో వివరించడం సంస్థ గౌరవానికి అవసరం.

ఆ పదార్థం తల నెరిసిన ఒక వృక్షశాస్త్రవేత్తది. ఒక్క రంగు అణువు తక్కువగా పుట్టిన మొక్కను ఆమె ఏళ్ల తరబడి పెంచి, చివరి ఆకు దాకా నూరి, అందులోని ప్రోటీనును చిన్న గొట్టంలోకి తీసింది. ఆ ప్రోటీను రంగు అణువులను తాకీ తాకనంత దూరంలో పట్టి ఉంచుతుంది. ఒకదాని మీద పడిన వెలుగు శక్తి, ఆ అణువు కదలకుండానే, పక్కదానికీ ఆ పక్కదానికీ చేరి, పని జరిగే చోటికి వెళ్తుంది. ఆలస్యమైతే ఉత్త వేడిగా మిగులుతుంది. (అణువులు మరీ దగ్గరగా గుమిగూడినా శక్తి వృథాయే. సంస్థ క్యాంటీనులో ఇది రోజూ రుజువవుతోంది.)

గొట్టానికి కావలసినవి చలి, చీకటి. ఒక ఉదయం ఆమె గదిలోని ఫ్రిజ్ పనిచేయడం మానింది. పక్క గది ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీగా ఉంది. మధ్యలో ఉన్నది ఒక గోడ.

"తెచ్చి పెట్టేయ్ అక్కా, ఎవడు చూస్తాడు?" అన్నాడు పక్క గది రసాయన శాస్త్రవేత్త.

"పోయినేడు నువ్వు అలా పెట్టిన సీసా ఏమైందిరా?"

అతను సింకు వైపు చూశాడు. అనుమతి లేకుండా గది మారిన పదార్థాన్ని అదే రోజు సింకులో పారబోయాలని నిబంధన.

ఆమె గొట్టానికి రేకు చుట్టి, ఐసు బకెట్‌లో గుచ్చి, దరఖాస్తు పెట్టింది. అది గదుల పర్యవేక్షకుడి నుంచి శీతల సామగ్రి అధికారికి, ఆయన నుంచి అంతర్గత దూరాల సమన్వయాధికారికి వెళ్ళాలి. సమన్వయాధికారి సెలవులో ఉన్నాడు.

"ఆయన్ని దాటించి పైకి పంపొచ్చుగా బాబూ?"

"అలా ఎలా మేడమ్? ఆయన లేకుండానే పనైపోతే, అసలు ఆయనెందుకని అడగరూ?" అన్నాడు పర్యవేక్షకుడు.

ప్రశ్న శాస్త్రీయంగా నిర్దుష్టమైనదని ఆమె ఒప్పుకుంది. తన గొట్టాన్ని అడగదలచుకున్నదీ అదే.

ఇంటి దగ్గర భర్త ఆ బకెట్ కోసం ఐసు గడ్డకట్టిస్తూ, "నాకు జ్వరమొచ్చినప్పుడు ఇంత కంగారు పడలేదే!" అన్నాడు.

"నువ్వు లైటు వేస్తే పాడవ్వవు కదా" అంది.

సమన్వయాధికారి తిరిగి వచ్చాడు. చూడనిదాన్ని ధ్రువీకరించనన్నాడు. ముగ్గురు అధికారులూ కలిసి ఆమె చీకటి గదికి తనిఖీకి విచ్చేశారు.

"చీకట్లో ఏం కనిపిస్తుందమ్మా? ఆ కిటికీ తెరవండి."

"వెలుగు తగిలితే పోతుందండీ. మొక్కలోంచి బయటికి తీశాక, పట్టుకున్న శక్తిని ఎక్కడా అప్పగించే వీలుండదు. తనని తనే కాల్చుకుంటుంది."

"వెలుగు పట్టుకోవడమే దాని పనని దరఖాస్తులో మీరే రాశారు. ఇప్పుడేమో పడకూడదంటారు. ఏదో ఒకటి చెప్పండి!"

రేకు విప్పారు. పర్యవేక్షకుడు గొట్టాన్ని ఎండకు పట్టి చూసి, శీతల సామగ్రి అధికారికి అందించాడు. ఆయన దాన్ని అరచేతిలో వెచ్చగా నిలిపి, సమన్వయాధికారికి అందించాడు. ఇంత చురుకైన బదిలీ ఆ సంస్థ చరిత్రలో మునుపెన్నడూ జరగలేదు. అప్పుడే సమన్వయాధికారికి ఫోను వచ్చింది. ఆయన గొట్టం పట్టుకునే కిటికీ దగ్గర నిలబడి, బంధువుల క్షేమసమాచారాలన్నీ విచారించి వచ్చాడు.

"ఆకుపచ్చ అని రాశారే? ఇది మట్టిరంగులో ఉంది."

"రాసినప్పుడు ఆకుపచ్చేనండీ."

ఆమె గొట్టం తీసుకుని మళ్ళీ రేకు చుట్టింది. (ఎందుకని ఎవరూ అడగలేదు.)

ఆ సాయంత్రమే అనుమతి వచ్చింది. ఒక్కటే షరతు: పదార్థంపై వెలుగు పడినచో పూర్తి బాధ్యత పరిశోధకురాలిదే. మట్టిరంగు నీరు నేటికీ ఆ అరలో, చలిలో, చీకట్లో, సకల నిబంధనలకూ లోబడి భద్రంగా ఉంది.

వెలుగు పక్కదారి చూసుకుంటుందో లేదో మాత్రం ఇంకా తెలియదు. మీ బల్ల మీద కూడా ఎవరిదో ఒక దరఖాస్తు ఉంది. ఫలానా ఆయన సెలవులో ఉన్నాడని నాకు చెప్పకండి. చదవడం ఆపి, ముందు దాన్ని పక్కకు అందించండి.