అర్జీదారు రోడ్డు దాటిన వైనం

"ఇకమీదట ఈ రోడ్డు ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ!" అని రోడ్డు విస్తరణ సభలో మంత్రిగారు మైకు అదిరేలా ప్రకటించగానే టైలరమ్మ కళ్లు చెమర్చాయి. ఆమె షాపు రోడ్డుకు ఇవతల. చూపు మందగించిన అక్క ఇల్లు అవతల. రోజూ మధ్యాహ్నం అక్కకు క్యారేజీ ఇచ్చి రావాలంటే బండ్ల మధ్య సందు దొరక్క అరగంట నిలబడేది. ఒక్క జీబ్రా క్రాసింగ్ వేయించండి మహాప్రభో అని ఎప్పుడో అర్జీ పెట్టుకుంది.

ప్రభుత్వం ఆమెను మరిచిపోలేదు. రోడ్డు రూపకల్పన కమిటీలో పాదచారుల ప్రతినిధిగా వేసింది. మీటింగు సరిగ్గా ఎదురుగా ఉన్న ఆఫీసులో. నడిచి రావడం ప్రమాదమని ఇంజినీరుగారు దయతలచి కారు పంపారు. అది రెండు కిలోమీటర్లు పోయి, యూటర్న్ తీసుకుని, ఆమెను భద్రంగా ఎదుటి గేటులో దింపింది.

ఇంజినీరుగారు గోడ మీద రంగురంగుల ప్లాను చూపించారు.

"ఇది సైకిళ్లకి. ఇది బస్సులకి. ఇక్కడ పార్కింగు. ఇవి బెంచీలు. స్టేక్‌హోల్డర్లలో ఒక్కర్ని కూడా వదల్లేదమ్మా."

"మరి దాటేదెక్కడ సార్?"

"దాటడమా?" ఆయన కళ్లజోడు సవరించుకుని ప్లానంతా వెతికారు. "అది ఫేజ్ టూ."

"అందాకా?"

"బెంచీలు అందుకేగా! హాయిగా కూర్చుని ఎదురుచూడొచ్చు."

కమిటీ చప్పట్లు కొట్టింది.

ఆరు నెలల్లో నాలుగు వరసల రోడ్డు ఎనిమిది వరసలైంది. టైలరమ్మ బెంచీ మీద కూర్చునేది. బెంచీకి వంక పెట్టడానికి లేదు. క్యారేజీ మాత్రం చల్లారిపోయేది. అవతల అక్క గుమ్మంలో నిలబడి, కదిలే ప్రతి నీడా చెల్లెలే అనుకుని చెయ్యి ఊపేది. ఒకరోజు ఆకలికి ఓర్చుకోలేక తడుముకుంటూ రోడ్డు మీద అడుగు పెట్టింది. బస్సు కీచుమని ఆగింది. ఇవతల నుంచి టైలరమ్మ ఇంజినీరుగారికి ఫోను చేసింది.

"ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారు, ఆయనకే చెప్పుకో" అన్నారు ఇంజినీరుగారు.

ఆ రోజు రోడ్డు నడిమధ్యన వేదిక వేశారు. భద్రత కోసం మూడు గంటలు బండ్లన్నీ ఆపేశారు. టైలరమ్మ క్యారేజీ పట్టుకుని, జీవితంలో మొదటిసారి, అటూ ఇటూ చూడకుండా నడిచింది. ఫొటోగ్రాఫరు పరుగున వచ్చాడు. "ఇటు చూసి నవ్వండమ్మా!"

"ఎలా ఉందమ్మా రోడ్డు?" మంత్రిగారు వేదిక మీంచి వంగి అడిగారు.

"మీరున్నంతసేపూ బంగారంలా ఉంది బాబూ. రోజూ మధ్యాహ్నం ఓ గంట వచ్చిపోండి, చాలు."

"చూశారా ప్రజాభిమానం!" అన్నారాయన విలేఖరులతో.

అక్క వేడివేడిగా తింటూ అడిగింది. "ఏంటే, ఇవాళ హారన్లు వినిపించట్లేదు?"

"రోడ్డు మనదేనటక్కా. ఈ పూటకి."

వారం తిరక్కుండానే ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. 'మీ అర్జీ పరిష్కరించడమైనది. అర్జీదారు గౌరవ మంత్రివర్యుల సమక్షంలో సురక్షితంగా రోడ్డు దాటినట్లు రుజువుగా ఫొటో జతపరచడమైనది. తిరిగి రావడం గురించి అర్జీలో ప్రస్తావన లేదు.'