మాతృభాష గడిలో స్పానిష్

మాతృభాషను నిర్ణయించేది తల్లి అనే అపోహ మానవజాతిలో చాలాకాలం చలామణిలో ఉంది. విద్యాశాఖ వారి నుడిదీపం పోర్టల్ వచ్చాక అది తొలగిపోయింది. మనిషి ఏ భాషలో ఏడుస్తాడో, ఏ భాషలో ఆకలవుతోందని చెబుతాడో ఇప్పుడు ఒక గడి తేలుస్తుంది. గడిలో ఏముంటే మనిషి అదే. గడి ఖాళీగా ఉంటే మనిషి పెండింగ్.

ఈ సత్యం మెహ్‌జబీన్‌కు జూలై నెలలో, నారాయణఖేడ్ నుంచి మనూర్ వైపు వెళ్లే షేర్ ఆటోలో బోధపడింది. ఆ దారిలోని ఒక పల్లె ప్రాథమిక పాఠశాలకు ఆమె ఏకైక టీచర్. పిల్లలు ఇరవై ఒక్కమంది. ఆమె ఇంట్లో మాట్లాడేది దక్కనీ, బడిలో చెప్పేది తెలుగు. రెంటికీ మధ్య నలభై నిమిషాల ఆటో ప్రయాణం. పద్నాలుగేళ్లుగా ఆ ప్రయాణంలో ఏ భాషకూ దెబ్బ తగల్లేదు.

ఆ రోజు సాయంత్రం ఐదులోగా పిల్లలందరి మాతృభాష పోర్టల్‌లో నింపాలని ఆదేశం వచ్చింది. బడిలో సిగ్నల్ రాదు. కల్వర్టు దాటాక అర కిలోమీటరు మేర వస్తుంది. అందువల్ల ఆ ఊరి పిల్లల సమస్త వివరాలూ ఆ అర కిలోమీటరులోనే ప్రభుత్వానికి చేరుతుంటాయి.

"దుర్గేశ్, జర మెల్లగ పోనీయి. పిల్లల మాతృభాష నింపుతున్న."

"ఇంతకన్నా మెల్లగ పోతే నడిచెటోళ్లే మనకన్నా ముందు పోతరు టీచరమ్మా," అన్నాడు ఆటో నడిపే దుర్గేశ్. అన్నాడే కాని మెల్లగానే పోనిచ్చాడు.

భాషల జాబితా ఇంగ్లిష్ అక్షరక్రమంలో ఉంది. చివర్లో స్పానిష్, దాని కింద తమిళం, దాని కింద తెలుగు. ఆమె వేలు తెలుగు మీదికి దిగుతున్న క్షణంలో ఆటో ముందు చక్రం గుంతలో పడింది. వేలు తమిళాన్ని దాటి స్పానిష్‌ను తాకింది. 'ఇదే వివరాన్ని విద్యార్థులందరికీ వర్తింపజేయాలా?' అని తెర అడిగింది. ఆమె 'వద్దు' ఎక్కడుందో వెతుకుతుండగా వెనక చక్రాలు అదే గుంతలో పడ్డాయి. (పోర్టల్ రెండు ప్రశ్నలు అడిగింది. రెంటికీ గుంతే సమాధానం చెప్పింది.)

'ధన్యవాదాలు' అంది తెర.

బడి పైకప్పు రేకులు మార్చమని దరఖాస్తు పెట్టి నాలుగేళ్లయింది. కాని రేకులకు మాతృభాష లేదు. పిల్లలకు ఉంది, ప్రాథమిక విద్య మాతృభాషలోనే జరగాలన్న విధానమూ ఉంది. కనుక పంతొమ్మిదో రోజున ఒక వ్యాను వచ్చి పదకొండు ట్యాబ్లెట్లు, ఇరవై ఒక్క హెడ్‌ఫోన్లు, ఒక స్మార్ట్ బోర్డు, స్పానిష్‌లో అచ్చయిన వాడుక సూచనల పుస్తకం దింపి వెళ్లింది. వాటి వెంటే ఒక సర్క్యులర్. ఈ పాఠశాలలో తెలుగు మాతృభాషగా గల విద్యార్థి ఒక్కరూ లేనందున తెలుగు టీచర్ పోస్టు మిగులుగా గుర్తించబడినది. సెప్టెంబరు ముప్పైలోగా రికార్డు సవరించని పక్షంలో టీచరును వేరే జిల్లాకు పంపి, బోధనను ట్యాబ్లెట్లకు అప్పగించవలెను.

మెహ్‌జబీన్ సర్క్యులర్‌ను రెండుసార్లు చదివింది. రెండో తరగతిలో రోజ అనే పిల్ల అప్పుడప్పుడే ఒత్తులలోకి అడుగు పెడుతోంది. గుణింతం వరకు ఎవరైనా తోడు రాగలరు. ఒత్తుల దగ్గర చెయ్యి వదిలితే పిల్ల అక్కడే ఆగిపోతుంది, ఒక్కోసారి జీవితాంతం. చెయ్యి వదిలింది ఎవరు? గుంతా, ఆటోనా, పోర్టలా అని ఆమె చాలాసేపు విచారించుకుంది. వేలు మాత్రం తనదే.

మాతృభాషా నిర్ధారణ విభాగం నారాయణఖేడ్‌లో విత్తనాల దుకాణం మీది అంతస్తులో ఉంది. సమన్వయాధికారి బస్వరాజ్ ఆమెను కూర్చోమన్నాడు. మర్యాదస్తుడు.

"సార్, గది నా వేలు తప్పు. మా పిల్లలు తెలుగోళ్లు. నలుగురు దక్కనీ మాట్లాడ్తరు. స్పానిష్ ఒక్కరిది గూడ గాదు."

"మేడం, మీరు తెలుగు అంటుండ్రు. సిస్టం స్పానిష్ అంటుంది. నేనెవల్ని నమ్మాలె?"

"పిల్లల్ని అడుగుండ్రి సార్."

"మైనర్లు గద."

"మరి వాళ్ల తల్లుల్ని?"

"దానికి ఫారం ఉన్నది." ఆయన సొరుగులోంచి ఫారం తీశాడు. "ఇగో, ఏడు-మా. కాని దరఖాస్తు రికార్డుల ఉన్న మాతృభాషలనే రాయాలె. పద్నాలుగో రూలు."

"అంటే... మా భాష స్పానిష్ గాదని స్పానిష్‌ల రాయాల్నా?"

"వేరే భాషల రాయిస్తే, అర్థం గాని భాషల సంతకాలు వెట్టించుకున్నరని రేపు కేసయితది మేడం. పిల్లల హక్కులు మనమే గద కాపాడాలె."

ఆమె కిటికీలోంచి చూసింది. కింద బస్ డిపో వైపు ఎవరో ఎవరినో మూడు భాషల్లో తిడుతున్నారు.

"మీ ఇంట్ల ఏం మాట్లాడ్తరు సార్?"

"కన్నడ. రికార్డుల తెలుగు ఉన్నది," అన్నాడు బస్వరాజ్. "నేనేమన్న లొల్లి వెట్టిన్నా?"

అయినా ఆయన క్షేత్రస్థాయి విచారణకు ఊరికి వచ్చాడు. రోజ తల్లి కూలికి పోయి ఉండడంతో నాయనమ్మ కాశమ్మ హాజరైంది. (నాయనమ్మ మాట్లాడేది నాయనమ్మభాష అవుతుందే తప్ప మాతృభాష కాజాలదని బస్వరాజ్ ముందుగానే నమోదు చేసుకున్నాడు.)

"ఏంది సారూ, మా పోరి ఏ భాష మాట్లాడ్తదో సూడనీకె గింత దూరం వచ్చినవా? ఇప్పుడు నేను మాట్లాడేదేంది మరి?"

"మీరు మాట్లాడేది నేను రాసుకోరాదమ్మా. మీ కుటుంబానికి దుబాసి కావాలె."

"దుబాసా? నా మాట నీకు సమజైతలేదా?"

"అయితుంది. గదే పరేషాన్."

కాశమ్మ ఆయనను పైనుంచి కిందికి చూసి, మెహ్‌జబీన్ వైపు తిరిగింది. "టీచరమ్మా, గీ సారుకు ఎండ తగిలినట్టుంది. జర సల్ల పొయ్యి." బస్వరాజ్ మజ్జిగ తాగి, 'సాక్షి సహకరించింది, భాష నిర్ధారణ కాలేదు' అని రాసుకున్నాడు.

ఇక మిగిలిన మార్గం ఒక్కటే. తమ మాతృభాష స్పానిష్ కాదని నిరూపించుకోవడానికి ఇరవై ఒక్కమంది పిల్లలూ, వారి టీచరూ స్పానిష్ నేర్చుకోవాలి. గడువు ఏడు వారాలు.

ట్యాబ్లెట్ తెరిస్తే ఒక బొమ్మ పంతులమ్మ వస్తుంది. చెప్తుంది, మనతో చెప్పిస్తుంది, ఉచ్చారణకు మార్కులు వేస్తుంది. ఆమెకు అలసట లేదు, సెలవు లేదు, పక్క గదిలో అన్నం మాడుతున్న వాసన తెలియదు. అందులో భాషాశుద్ధి అనే ఏర్పాటు కూడా ఉంది. గదిలో ఇంకో భాష వినబడితే తెర ఎర్రబడి పది నిమిషాలు మూతబడుతుంది. మొదటివారం "టీచర్, ఒంటికొస్తుంది" అని ఒక పిల్ల అన్నందుకు పదకొండు ట్యాబ్లెట్లూ మూతబడ్డాయి. రెండోవారానికి పిల్లలు ఆ అవసరాన్ని స్పానిష్‌లో విన్నవించుకోవడం నేర్చారు. విద్యకు అవసరం ఎంత తోడ్పడుతుందో అంతకుమించిన ఉదాహరణ అక్కర్లేదు.

బడిలో కరెంటు ఉన్నంతసేపు కరెంటు మీద, లేనప్పుడు దుర్గేశ్ ఆటో బ్యాటరీ మీద ట్యాబ్లెట్లు చార్జింగ్ అయ్యేవి. ఆ సహవాసంతో దుర్గేశ్‌కు కూడా అంకెలు వచ్చేశాయి. "ఉనో, దోస్, త్రెస్... ఇంకొక్కరొస్తే పోతం, జల్దీ రాండ్రి!" అని అడ్డా మీద పిలుస్తుంటే ప్రయాణికులు అదేదో కొత్త చార్జీ అనుకుని దూరంగా నిలబడేవారు.

సముద్రతీరంలో నువ్వు ఉదయం ఏం తింటావని బొమ్మ పంతులమ్మ అడిగేది. సముద్రం చూసిన పిల్ల ఆ బడిలో లేదు. జొన్నరొట్టె తింటామని, మంజీర ఒడ్డున తింటామని పిల్లలు స్పానిష్‌లో జవాబిచ్చేవారు. పంతులమ్మ కళ్లు రెండుసార్లు ఆర్పి, "చాలా బాగుంది" అనేది. ఎవరు ఏది చెప్పినా ఆమె అలాగే అనేది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక మెహ్‌జబీన్ ట్యాబ్లెట్లను బియ్యం డబ్బాలో పేర్చి మూత పెట్టి, పైన రెండు గోనెసంచులు కప్పి, తెలుగు చెప్పేది. ఒత్తులు, వాటి తర్వాత కథ, ఆ తర్వాత మళ్లీ ఒత్తులు. (ఆ వేళల్లో తరగతి సంపూర్ణ మౌనంలో ఉన్నట్టు పోర్టల్ గుర్తించింది. పిల్లలకు ధ్యానం నేర్పుతున్నందుకు పాఠశాలకు ప్రశంసాపత్రం వచ్చింది.)

సాయంత్రం ఇంటికి వెళ్తే తల్లి దక్కనీలో అడిగేది, అన్నం తిన్నావా అని. పోర్టల్ జాబితాలో దక్కనీ లేదని మెహ్‌జబీన్‌కు ఈ గొడవలోనే తెలిసింది. లేని భాషలో తల్లి అడుగుతోంది. లేని భాషలో తను తిన్నానంటోంది. ఇద్దరికీ అర్థమవుతోంది. ఇది నేరమా, అద్భుతమా అని ఆలోచిస్తూ ఆమె స్పానిష్ క్రియాపదాలు వల్లె వేసుకునేది.

సెప్టెంబరు ఇరవై నాలుగున దరఖాస్తు తయారైంది. తెల్లకాగితం మీద, పిల్లలే తలా ఒక ముక్క కూర్చుకుని రాశారు. మా మాతృభాష ఇది కాదు. మేము దీన్ని ట్యాబ్లెట్‌లో నేర్చుకున్నాము. మా ఇళ్లలో వేరేగా మాట్లాడుకుంటాము. మా టీచరును మాకు ఉంచండి. చివరి వాక్యం రోజది. అక్షరదోషాలను ట్యాబ్లెట్టే దిద్దిపెట్టింది. నిష్పక్షపాత యంత్రం.

బస్వరాజ్ కాగితాన్ని యంత్రంలో పెట్టి, ఫలితం వచ్చాక కుర్చీలోంచి లేచి మరీ అభినందించాడు.

"ఒక్క తప్పు లేదు మేడం! సర్వీసుల గిట్లాంటి దరఖాస్తు సూడలే."

"అయితే పనైనట్టేనా సార్?"

"గదే సమస్య. తొంభై ఎనిమిది శాతం మాతృభాషే అంటుంది సిస్టం. పరాయోళ్లు గింత సాఫ్‌గ రాస్తరా? మీరే చెప్పుండ్రి."

"తప్పులతోని రాసుంటే?"

"తప్పులుంటే తీసుకోము. రూల్ ఉన్నది."

మెహ్‌జబీన్ కాగితం వెనక్కి తీసుకుని మడిచింది. జవాబు చెప్పడానికి ఆమె దగ్గర రెండు భాషలు ఉన్నాయి. నిజానికి అప్పటికి మూడు.

ముప్పైన బస్వరాజ్ స్వయంగా బడికి వచ్చాడు. ఉత్తర్వును విద్యార్థుల సమక్షంలో చదివి వినిపించాలని నిబంధన. ఉత్తర్వు తెలుగులో ఉంది. ఉత్తర్వులన్నీ తెలుగులోనే ఉండాలని మరో నిబంధన. ఆయన కాగితం మెహ్‌జబీన్ చేతికిచ్చాడు. ఆమె మొదటి పదం దాకా వచ్చి ఆగిపోయింది. ముందు వరుసలోంచి రోజ లేచి కాగితం తీసుకుంది.

"ఈ... పాఠశాల... తెలుగు... ఉపా..."

పిల్ల ఆగింది. వేలు అక్షరం మీదే ఉంది.

"ధ కింద ఏమున్నది?" అంది మెహ్‌జబీన్ వెనకనుంచి, మెల్లగా.

"య ఒత్తు టీచర్."

"దానికి దీర్ఘం. కలుపు."

"ఉపాధ్యా... ఉపాధ్యాయురాలిని... మిగులుగా... గుర్తించి... తక్షణమే... విధుల నుండి..."

ఎక్కడా వదలకుండా, ఒత్తొత్తునా నిలిచి, సంతకం కింది తేదీ వరకు రోజ చదివింది. ఏం చదివిందో తెలియని ఒకటో తరగతి పిల్లలు చప్పట్లు కొట్టారు. తెలిసిన పెద్దపిల్లలు కొట్టలేదు. గుమ్మంలో నిలబడి వింటున్న కాశమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

బస్వరాజ్ కదిలిపోయాడు. అది ఆయన ముఖంలో కనబడింది. అలాంటి సందర్భాల కోసం ఇచ్చిన ఫారం ఒకటి సంచిలోంచి తీసి, గోడకు ఆనించి, అందమైన చేతిరాతతో నింపాడు: 'విద్యార్థిని రోజ, రెండో తరగతి. మాతృభాష స్పానిష్. పరభాష తెలుగు, అయినను ధారాళంగా చదువుచున్నది. తెలుగు టీచర్ అవసరం కనబడలేదు.'