డబ్బా అడుగున పెట్టండి

ఆస్పత్రికి బ్యాగు సర్దడం అందరికీ చేతకాదు. అడుగున థాయ్‌లాండ్ గోళీల డబ్బా పెట్టాలి. దాని మీద దుప్పటి, రెండు లుంగీలు, ఫ్లాస్కు, బైబిలు. అన్నిటికన్నా పైన డాక్టరు రాసిన చీటీలు. డాక్టరుకు చీటీలు కనబడాలి గానీ డబ్బా కనబడకూడదు! మా తమ్ముడు మోషే బ్యాగును మా మరదలు గ్రేస్ ఇలాగే సర్దింది.

డాక్టరుకు ఏదీ చెప్పకపోవడంలోనే మన ఆరోగ్యం ఉంది. నవ్వకండి, నిజంగానే అంటున్నాను!

మా నాచారానికి థాయ్ వైద్యం విమానంలో వచ్చింది. పక్కింటి చలపతిరావు టూరు ప్యాకేజీలో బ్యాంకాక్ వెళ్లి సూట్‌కేసు నిండా తెచ్చాడు. ముక్కుతో పీల్చేది, మోకాళ్లకు రాసేది, కడుపులోకి మింగేది. గల్లీలో ఇల్లిల్లూ తిరిగి పంచాడు. ఫారిన్ నుంచి వచ్చినదాన్ని వద్దంటే మర్యాదేనా?

మోషేకి ఆకుపచ్చ గోళీలు దక్కాయి. "జలుబుకు, జ్వరానికి, నొప్పులకు అన్నిటికీ ఇదొక్కటే. ఆకే గదన్నా, ఏం జేస్తది?" అన్నాడు చలపతిరావు.

మోషేకి గుండెలో వాల్వు మార్చారు. అప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక గోళీ. పాపం, ఆ గోళీ ఎన్నేళ్లని ఒంటరిగా పనిచేస్తుంది? దానికో తోడు వద్దా? ఇంగ్లిషు మందూ, థాయ్ ఆకూ ఒకే కడుపులో కాపురం పెడితే ముచ్చటగా ఉండదా?

పైగా ఆ డబ్బాకు సైడ్ ఎఫెక్టులు లేవు. ఎలా తెలుసంటారా? నేను బడికి పోలేదు. బస్సు బోర్డులు, పొట్లం కాగితాలు చూస్తూ సొంతంగా అక్షరాలు నేర్చుకున్నదాన్ని. భయస్తురాలిని కూడా. ఇంట్లోకి ఏ మందు వచ్చినా దాని కాగితం మనవరాలితో తెలుగులో చెప్పించుకుంటాను. ఆ హెచ్చరికలు విన్న రాత్రి నిద్ర పట్టదు. థాయ్ డబ్బా మీద మాత్రం కొక్కేల్లాంటి అక్షరాలు. నాకూ రావు, మనవరాలికీ రావు. హాయిగా నిద్రపోయాను!

కొన్నాళ్లకే గుణం కనబడింది. పళ్లు తోముకుంటే మోషే చిగుళ్ల నుంచి రక్తం. "కొత్త బ్రష్ జర గట్టిగున్నదక్కా" అన్నాడు. మోచేతి మీద నీలం మచ్చలు. "ఉప్పల్ మెట్రో మెట్ల మీద ఎవడో గుద్దిండు" అన్నాడు. పరీక్ష చేస్తే రక్తం మరీ పల్చబడిందని తేలింది. డాక్టరు తన గోళీ తగ్గించాడు. థాయ్‌లాండ్ మాత్రం తగ్గలేదు.

"ఇంకేమైనా వాడుతున్నారా? ఆకులు, కషాయాలు?" డాక్టరు సూటిగానే అడిగాడు.

"ఏం లేదు సార్."

బయటికి రాగానే గ్రేస్ పట్టుకుంది. "ఏందయ్యా, గట్ల అబద్ధం జెప్పినవ్?"

"జెప్తే తిట్టడా? వాల్వు పెట్టి బతికిచ్చినాయన. ఆయన మనసెందుకు కష్టపెట్టాలె?"

చూశారా మర్యాద! చిగుళ్ల నుంచి రక్తం కారినా ఫర్వాలేదు, డాక్టరు మనసు మాత్రం నొవ్వకూడదు!

తర్వాత తలనొప్పి మొదలైంది. తలలో రక్తం కారుతోందేమోనని వెంటనే అడ్మిట్ కమ్మన్నారు. బ్యాగు సర్దింది అప్పుడే.

"అక్కా, డబ్బా పెట్టిందా సూడు" అన్నాడు ఆటో ఎక్కుతూ.

"పెట్టింది రా, అడుగున."

"మంచిగైంది. ఫికర్ జెయ్యకు, రెండ్రోజులల్ల వస్త."

ఎవరు గడప దాటినా మలుపు తిరిగేదాకా చూడటం నా అలవాటు. ఆ ఆటోనూ చూశాను.

చలపతిరావు మళ్లీ బ్యాంకాక్ పోతున్నాడట. "అక్కా, ఏం తేవాలె?" అని అడిగాడు. నాకేమీ వద్దన్నాను. మీరు తెప్పించుకోండి. డాక్టరుకు మాత్రం చెప్పకండి, తిడతాడు. తిట్లు తిన్నవాడి గతి తెలుసుగా? తల దించుకుని ఇంటికి వస్తాడు!

మోషే తిట్లు తినలేదు. ఇంటికి రాలేదు. 2023 ఆగస్టు 19, శనివారం.