ఎడమకాలికి పనిచ్చిన బండి

ఆటోమేటిక్ బండిలో ఎడమకాలికి పనుండదు. కుడికాలు చాకిరీ చేస్తుంటే ఎడమకాలు అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా పక్కన కూర్చుంటుంది. మా ఇంట్లో గొడవంతా ఆ కాలి గురించే.

నేను బస్సు డ్రైవరుగా రిటైరయ్యాను. డిపోలో అందరూ గేర్ల మామ అనేవారు. మా ఆవిడ దర్జీ. పెళ్లైంది మొదలు ఆమె కుట్టుమిషన్ తొక్కింది, నేను క్లచ్ తొక్కాను. ఊళ్లన్నీ తిరిగానని గొప్పలు చెప్పుకుంటాను గానీ నేను చూసినవన్నీ బస్టాండ్లే. ఈసారైనా ఇద్దరం కలిసి తిరుగుదామని, మంచమూ పొయ్యీ ఉన్న మోటార్ హోమ్ ఒకటి, పాతదైనా సరే, కొనాలనుకున్నాం.

"ఆటోమేటిక్ తీసుకోండి. ఈ వయసులో కాలికి శ్రమ ఎందుకు?" అంది.

"గేర్లు లేని బండి నడిపే బదులు ఉయ్యాల్లో పడుకోవడం నయం" అన్నాను.

"పడుకోండి, ఊపుతాను."

అంత బరువు లాగాలంటే ఎత్తుల మీద గేర్ల బండే మేలనీ, పాత ఆటోమేటిక్ మొరాయిస్తే బాగుచేసేవాడు దొరకడనీ చెప్పాను. ఆటోమేటిక్ అయితే బుర్రతో పెద్దగా పనుండదు కాబట్టి అది నాకు మరీ బాగా కుదురుతుందని ఆమె అంది. పొద్దున కాఫీతో మొదలైన పోట్లాట పక్కలు వేసేదాకా సాగేది.

అసలు సంగతి వేరు. కొన్నాళ్లుగా నా ఎడమ పాదం మాట వినడం లేదు. నరాల డాక్టరు పాదం పైకెత్తమన్నాడు. ఎత్తాననే అనుకున్నాను, కిందికి చూస్తే అది అక్కడే ఉంది. ఇది నయమయ్యే జబ్బు కాదనీ, పాదంలో మొదలై చేతులకూ, మాటకూ, చివరికి ఊపిరికీ వస్తుందనీ చెప్పాడు. ఎంతకాలమని అడిగితే కిటికీలోంచి బయటికి చూశాడు. ఇంటికొచ్చి కీళ్లవాతమని చెప్పాను. ఆమె నమ్మింది.

క్లచ్ తొక్కగలిగినన్నాళ్లూ నాకేమీ కాలేదని నా లెక్క. ఆటోమేటిక్ కొంటే ఆ కాలికి ఉద్వాసన చెప్పినట్టే. అందుకని ఏమన్నా "సరే సార్" అనే పాతబళ్ల వ్యాపారిని పట్టుకుని గేర్ల బండే కొనేశాను. ఆమె మూతి ముడుచుకుంది గానీ కుట్టుమిషన్ తెచ్చి బండిలో పెట్టుకుంది.

ఇక కాలి సంగతి చూడాలి. డిపో వర్క్‌షాపులో పనిచేసిన రోజుల నాటి ఇనుపముక్కు బూటు ఒకటుంది. దాని అడుగున సీసపు రేకు వేయించాను. కాలు తొక్కకపోతే బరువైనా తొక్కుతుందని నా తెలివి. తొక్కడం గురించి ఆలోచించాను గానీ ఎత్తడం గురించి ఆలోచించలేదు.

అదేం బూటని అడిగితే దారిలో పాములుంటాయన్నాను. ఒక్క కాలికే కరుస్తాయా అంది. రెండోది బాగుచేయడానికి ఇచ్చానన్నాను.

చదును రోడ్డు మీద అంతా బాగానే సాగింది. ఈలపాట కూడా పాడాను. కొండ దారి మొదలై, ముందు ఒక లారీ నత్తనడక నడవడంతో గేరు తగ్గించాల్సి వచ్చింది. క్లచ్ తొక్కాను. బూటు కిందికి పోయి అక్కడే కూర్చుంది.

బండి ఆగి, మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. బ్రేకు తొక్కాల్సింది పోయి రెండు చేతులతో ఎడమ ప్యాంటు పట్టుకుని కాలిని పైకి లాగుతున్నాను. ఆ కంగారులో కుడికాలు యాక్సిలరేటరు తొక్కేసింది. ఇంజను అరుస్తోంది, బండి వెనక్కి పోతోంది. లోపల గిన్నెలు దొర్లాయి, కుట్టుమిషన్ బోర్లాపడింది. అద్దంలో చూస్తే వెనక రోడ్డు లేదు, ఆకాశం ఉంది.

ఆమె చేతిబ్రేకు లాగింది.

బండి ఆగింది. ఇంజను ఆపి, నా కాళ్ల దగ్గర కూర్చుని, సంచిలోంచి కత్తెర తీసి లేసులు కత్తిరించింది. బూటును చేత్తో ఎత్తి బరువు చూసింది. దిగి వెళ్లి దాన్ని వెనక చక్రానికి అడ్డం పెట్టింది. ఆ బూటు పనికొచ్చింది అప్పుడే.

తిరిగొచ్చి "జరగండి" అంది.

"ఇది గేర్ల బండే."

"తెలుసు."

సీటు ముందుకు జరుపుకుంది. బండి అంగుళం కూడా వెనక్కి పోకుండా ఎత్తు మీదికి కదిలింది. అలా ఎత్తు మీద బండి లేపడం డిపోలో సగం మందికి రాదు. బూటు రోడ్డు మీదే ఉండిపోయింది.

గుండీలు కొనాలని వెళ్లిన సాయంత్రాలన్నీ డ్రైవింగ్ స్కూలుకు వెళ్లిందట. ఆ గుండీలన్నీ ఏమయ్యాయని నేనెప్పుడూ అడగలేదు.

"కాలి సంగతి ఎలా తెలిసింది?"

"మీ ప్యాంటు ఎడమ అంచు ఎన్నిసార్లు కుట్టినా అదే చోట చిరుగుతోంది. పాదం ఈడుస్తున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్లి అడిగాను. నేను వచ్చినట్టు మీకు చెప్పొద్దని మాట తీసుకున్నాను."

"మరి ఆటోమేటిక్ కావాలని అంత పోట్లాడావేం?"

"పోట్లాడకపోతే నాకు తెలిసిపోయిందని మీరు కనిపెట్టరూ?"

"నిజంగా కొనేసి ఉంటే?"

"కొంటారేమోనని రోజూ భయపడ్డాను. కొన్నారంటే మీరు ఆశ వదిలేసుకున్నట్టే కదండీ."

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆమె చూడలేదు, అక్కడ మలుపుంది.

కాసేపటికి ముఖం తుడుచుకుని నా పని నేను మొదలుపెట్టాను. "రెండో గేరు" అన్నాను. అప్పటికే వేసేసింది. "మూడు" అన్నాను. అదీ వేసేసింది. మిషన్ తొక్కిన కాళ్లు, నా కంటే మెత్తగా తొక్కుతున్నాయి. రేపు నేను లేకపోయినా ఈ బండి ఇల్లు చేరుతుందని తెలిసి గుండె తేలికపడింది, కడుపులో మండింది కూడా. ఇక నోరు మూసుకుని కూర్చున్నాను.

తర్వాతి ఎత్తు దగ్గర ఇంజను మూలిగింది. ఆమె గేరు మార్చలేదు. ఇంకా గట్టిగా మూలిగింది, బండి వణికింది. అయినా చెయ్యి గేరు మీదే ఉంచి నా వైపు చూసింది.

"రెండు" అన్నాను.

అప్పుడు మార్చింది.